ఆకు మాత్రమే మోసిన బండి

పాత పికప్ అమ్మేవాడు అబద్ధాలు చెబుతాడని లోకం నమ్మకం. నాకు తగిలిన మనిషి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. మా కొంప మునిగింది అక్కడే.

కొన్నది నేను కాదు, మా అక్క. నేలకొండపల్లి దగ్గర ఆమెకు మిర్చి నారు నర్సరీ ఉంది. పచ్చని నెట్ కింద వరసగా ప్లాస్టిక్ ట్రేలు, ట్రేలో గుంటకొక మొక్క. బావకు చూపు మందగించాక ట్రాక్టర్ స్టీరింగ్ ఆమె చేతికి వచ్చింది. యాభై ఆరేళ్ల మనిషి కొంగు నడుముకు చుట్టి ట్రాక్టర్ ఎక్కిందంటే ఊళ్లో జనం పక్కకు జరుగుతారు. గౌరవంతో అనుకునేరు. ఆమెకు హారన్ కొట్టే అలవాటు లేదు, అందుకని.

దుమ్ముగూడెం మండలంలో, గోదావరి నుంచి కాస్త లోపలికి ఉన్న ఒక గూడెం రైతు ఏదో పెళ్లికి మా వైపు వచ్చి ఆమె నారు చూశాడు. బాగుందని చెప్పి ఆర్డర్ ఇచ్చాడు. ఆ ఏడు కిరాయి వ్యాను వాడు దారిలో తన సొంత పనులన్నీ చక్కబెట్టుకుని, మిట్టమధ్యాహ్నం దాటాక ఉడికిన తోటకూరను దించి వెళ్లాడు. రైతు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అక్క ఇప్పటికీ అంటుంది. మరుసటి ఏడు ఫోన్ చేసి మెల్లగా చెప్పాడు.

"అక్కా, ఇంకోపాలి చూస్త. నాట్ల రోజు కూలోళ్లు దిగుతరు. పొద్దు నెత్తి మీదికి రాకముందు నారు నా చేన్ల ఉండాలె. ఉంటే మా గూడెంల ఇంకో ఎనిమిది మంది నీకాడనే తీసుకుంటరు. లేకుంటే అందరం భద్రాచలం పక్కకే పోతం."

ఆ ఎనిమిది మంది ఎంత ముఖ్యమో మాకు తెలుసు. రెండు సీజన్లుగా నర్సరీలో సగం ట్రేలు అమ్ముడు పోక, ముదిరి, మేకల పాలయ్యాయి. ఈసారీ అదే జరిగితే నెట్ విప్పి వరి పెట్టుకుందామని బావ అప్పుడే అనడం మొదలుపెట్టాడు. నారుకు కిరాయి బండిని నమ్మకూడదని అక్క తేల్చుకుంది. సొంత బండి కావాలి. కొత్తది కొనే తాహతు లేదు.

"తమ్మీ, ముప్పై ఏండ్లు పేపర్ల పని చేసినవ్. మందిని ప్రశ్నలడిగి సతాయించినవ్. ఈ బండి అమ్మేటోన్ని కూడా జర అడుగు," అంది.

సత్తుపల్లి దగ్గర ఒకాయన పికప్ అమ్ముతున్నాడని తెలిసి వెళ్లాం. మా ప్రాంతంలో పాత పికప్ చూడటానికి వెళితే బానెట్ ఎత్తే ముందు వేసే ప్రశ్న ఒకటుంది: ఏం మోసింది? బొగ్గు మోసిన బండి లోపలంతా నల్లగా ఉంటుంది, ఎన్నిసార్లు కడిగినా మర్నాడు మళ్లీ ఊరుతుంది. గోదావరి ఇసుక మోసినదైతే అడుగు రేకు పాపడంలా విరుగుతుంది. పామాయిల్ గెలలు మోసిన బండి పక్కలు ముళ్లు గుచ్చుకున్నట్టు చిల్లులు పడి ఉంటాయి. కాబట్టి నేనూ అదే అడిగాను.

"ఆకు సార్," అన్నాడాయన. "తునికాకు తప్ప ఇంకోటి ఎక్కలే. బొగ్గు లేదు, ఇసుక లేదు, ఇటుక లేదు."

మా అక్క నా వైపు చూసింది. ఆ చూపులో బేరం సగం అయిపోయింది. ఆకు మోసిన బండి అంటే మా వైపు పెళ్లిచూపుల్లో గవర్నమెంటు ఉద్యోగం లాంటిది. ఆ మాట విన్నాక ఇంకెవరూ రెండో ప్రశ్న వేయరు. బీడీలు చుట్టే ఆకు, అందులోనూ ఎండినది. బస్తా నిండా కుక్కినా ఒక మనిషి చంకన పెట్టుకుని నడవగలడు. ఆ బండి నడుము మీద ఏం బరువు పడి ఉంటుంది?

అయినా పేపరు వాణ్ని కదా, రెండో ప్రశ్న కూడా వేశాను. ఏడాదికి ఎన్నాళ్లు తిరుగుతుంది?

"ఎండాకాలం ఆకు సీజన్ల రెండు నెలలు సార్. మిగిలిన పది నెలలు గీ షెడ్లనే. నీడ పట్టునే ఉంటది. నా పిల్లల్ని కూడా గింత నీడల పెంచలే."

మీటరు చూశాను, తక్కువే తిరిగింది. ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ కాగితాలు చూశాను. చాసిస్ నంబరు మీది మట్టిని గోటితో గీకి అంకె అంకె సరిపోల్చాను. ఊళ్లో ఇద్దరిని విడివిడిగా అడిగాను. ఇద్దరూ ఆకు అనే చెప్పారు, రెండు నెలలనే చెప్పారు. ప్రతి వివరాన్నీ రెండు వైపుల నుంచి ధ్రువీకరించుకున్నాను. నా ఉద్యోగంలో ఇంత శుభ్రంగా ఒక్క వార్త కూడా రాయలేదు.

బండి ఇంటికి వచ్చిన రోజు అక్క పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఉంచి, దేవుడికి దండం పెట్టుకుని తాళం తిప్పింది. ఇంజను నిద్రలో ఉన్న మనిషి లేపితే మూలిగినట్టు మూలిగి మళ్లీ పడుకుంది. ఇంకోసారి తిప్పింది. ఈసారి మూలుగు కూడా లేదు. ముహూర్తం దాటిపోతుందని నేను, బావ, ఇద్దరు కూలీలు కలిసి వెనక నుంచి తోసి నిమ్మకాయలు నలిపించాం. ఒకటి నలగలేదు, పక్కకు దొర్లిపోయింది. దాని గురించి బావ రెండు రోజులు మాట్లాడాడు.

ఆ తర్వాత తేలింది, ఈ బండి పల్లంలో ఉంటేనే లేస్తుందని. పల్లంలో వదిలి, కాస్త జారాక రెండో గేరులో క్లచ్ వదిలితే దగ్గి దగ్గి అందుకుంటుంది. నేలకొండపల్లి వైపు నేల అరచేతిలా ఉంటుంది, పల్లం ఎక్కడ దొరుకుతుంది? అక్క ఆలోచించలేదు. ట్రాక్టర్‌తో నాలుగు ట్రిప్పుల మట్టి తెచ్చి నర్సరీ గేటు పక్కన దిబ్బ పోసింది. సాయంత్రం బండి దిబ్బ ఎక్కేది, పొద్దున దిగేది. దారిన పోయేవాళ్లు ఆగి అడిగేవారు.

"గిదేందక్కా, బండికి గద్దె కట్టినవ్?"

"అవ్. కూసుంటవా? తోసేటోళ్లు కావాలె నాకు."

అడిగినవాళ్లు మళ్లీ ఆ దారిన రాలేదు.

నాట్లకు ఇంకా మూడు వారాలు ఉండగా ఖమ్మం బైపాస్ పక్కన ఒక ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన టీ తాగేదాకా ఏ బండి బానెట్టూ ఎత్తడు. టీ తాగుతూ దూరం నుంచే దాన్ని చూశాడు.

"యేడ తిరిగింది సార్ ఇది?"

"ఆకు మోసింది భాయ్. తునికాకు మాత్రమే," అన్నాను, పిల్లవాడి ర్యాంకు చెప్పినట్టు.

"నేనేమడిగిన, మీరేం చెప్తున్నరు? ఏం మోసిందో నాకెందుకు? యేడ తిరిగింది?"

అప్పుడు నాకు బుర్రలో ఎక్కడో చిన్నగా దీపం వెలిగింది. ఆకు ఎక్కడ దొరుకుతుంది? అడవిలో. ఆకు ఆరబెట్టే కల్లాలకు తారు రోడ్డు ఉండదు. వాగులు, బండలు, చెట్ల మొదళ్లు, ఎడ్లబండి చక్రాలు కోసిన గాడులు. బరువు లేని బండి అలాంటి దారిలో పడితే నిండు బండి కంటే ఎక్కువ ఎగురుతుందని ఆయన చెప్పేదాకా నాకు తట్టలేదు. బరువుంటే బండి దారిని అణుచుకుని పోతుంది. లేకపోతే దారే బండిని కొడుతుంది.

ఆయన కింద దూరి, ఒక్కోటి గట్టిగా చదివి వినిపించాడు. కమాను పట్టీల్లో రెండు విరిగి ఉన్నాయి. షాక్‌లు పేరుకే ఉన్నాయి. చాసిస్ మీద ఒకచోట చీలిక పడితే వెల్డింగ్ పెట్టి నల్ల రంగు కొట్టారు, ఆ రంగు మిగతా ఇనుము కంటే అందంగా ఉంది. స్టీరింగ్ వదిలితే బండి ఎడమకు లాగుతుంది. ఇక పది నెలల నీడ సంగతి. షెడ్డులో ఆకు బస్తాల పక్కనే ఉంది కాబట్టి ఎలుకలు వైర్లు తీరిగ్గా కొరుక్కుతిన్నాయి. రబ్బరన్నది ఎక్కడున్నా ఎండి బిగుసుకుపోయింది. రేడియేటర్ రేకుల సందుల్లో బ్రష్ పెట్టి కొడితే గోధుమరంగు పొడి రాలింది. అక్క వంగి వాసన చూసి తుమ్మింది. బీడీ వాసన.

"రెండు నెలలు అడవిల దెబ్బలు తిన్నది, పది నెలలు షెడ్ల పండుకున్నది," అన్నాడు మెకానిక్. "మనిషి గిట్ల బతికితే దవాఖానల ఉంటడు. తిరిగే బండికి రోగం ముందుగాల తెలుస్తది అక్కా. పండుకున్న బండికి తెల్వది. మీటర్ తక్కువున్న పాత బండిని చూసి జనం మురుస్తరు, నేను భయపడ్త."

అమ్మినాయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఆయన చెప్పినవన్నీ నిజాలే. ఆ నిజాలను మంచి గుణాలుగా రాసుకున్నది నేను. ఇలాంటి పని పేపర్లో చాలాసార్లు చేశాను గానీ, దాన్ని తోసుకుంటూ తిరగాల్సి రావడం ఇదే మొదలు.

మూడు వారాల్లో చాలావరకు బాగు చేశాడు. పట్టీలు మారాయి, వైర్లు మారాయి, కొత్త బ్యాటరీ వచ్చింది. రేడియేటర్‌కు పైనా కిందా ఉండే రెండు పెద్ద పైపులు మార్చాడు. ఇంజను వెనక సందులో వేలెడు లావున ఇంకో చిన్న పైపు ఉంది. దాన్ని బొటనవేలితో నొక్కితే ఎండిన చెరువు అడుగులా పగుళ్లు తేలాయి. అది ఆయన దగ్గర లేదు, ఎల్లుండి వస్తుందన్నాడు. మా నాట్లు రేపు.

"ఎల్లుండి దాక ఆగుండ్రి," అన్నాడు.

"నువ్వు ఆగుతవ్, నేను ఆగుత. నారు ఆగదు భాయ్," అని అక్క తాళం తీసుకుంది.

తెల్లవారుజామున బయలుదేరాం. వెనక వెదురు కర్రలతో అరలు కట్టి ట్రేలు సర్దాం, ట్యూబు ముక్కలతో బిగించాం, మొక్కల మీద నీళ్లు చల్లడానికి స్ప్రేయర్ పెట్టుకున్నాం. అక్క తోలుతుంది, నేను ఇంజను వేడి చూపించే ముల్లును చూస్తూ కూర్చోవాలి. అంతకు మించి నాకు ఏ పనీ అప్పగించలేదు. ఖమ్మం దాటాం, కొత్తగూడెం దాటాం, పాల్వంచలో టీ తాగాం. ఇంజను మాత్రం ఆపలేదు. గోదావరి బ్రిడ్జి మీద అక్క స్టీరింగ్ వదలకుండా గడ్డంతోనే రాముడికి దండం పెట్టింది. బండి ఎడమకు లాగే రకం కాబట్టి దేవుడు ఏమీ అనుకోడని చెప్పింది.

భద్రాచలం దాటి దుమ్ముగూడెం రోడ్డు ఎక్కాం. అక్కడి నుంచి గూడెం వైపు మట్టిదారిలోకి తిరిగి కొంచెం దూరం పోయామో లేదో, ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది. చెప్పేలోపే బానెట్ సందుల నుంచి ఆవిరి వచ్చింది. ఆ చిన్న పైపే. ఇంజను వెనక, చెయ్యి కష్టంగా దూరే చోట, అంగుళం పొడుగున నోరు తెరిచింది.

ట్యూబు ముక్క చుడదామని నేను చెయ్యి పెట్టి, పెట్టినంత వేగంగా వెనక్కి తీసుకున్నాను. చల్లారేదాకా ముట్టుకునే వీలు లేదు. చల్లారాక కూడా అక్కడ చుట్టాలంటే పాము చేతులు కావాలి. రైతు చేను ఇంకా నాలుగు కిలోమీటర్లు. టైము తొమ్మిదిన్నర దాటింది. మబ్బు పట్టి ఉంది, అదొక్కటే అదృష్టం.

"ఆయనకు ఫోన్ చేద్దాం," అన్నాను.

"ఏమని? మళ్ల బండి ఆగింది, మళ్ల నారు రోడ్డు మీద ఉందనా? పోయినేడు వ్యానోడు, ఈ ఏడు నేను. గింతేనా తేడా?"

ట్రేల మధ్య దూరి నీళ్లు చల్లడం మొదలుపెట్టింది. నీళ్లు చల్లుతూ నన్ను, మెకానిక్‌ను, ఎలుకలను, రాజకీయాలను వరసగా తిట్టింది. నేను ఆ దారిలో ఏదైనా ట్రాక్టర్ వస్తుందేమోనని చూస్తూ నిలబడ్డాను. ఒక సైకిలు వచ్చింది. ఆగి, బండిని చూసి, నవ్వి వెళ్లిపోయింది. అంటే, దాని మీది మనిషి.

అరగంట గడిచింది. మబ్బు విచ్చుకుంది. వానాకాలం ఎండ, మబ్బు సందులోంచి కొట్టేది, వేసవి ఎండ కంటే చురుకు. బయటి అరల్లో మొక్కలు ముందు మెడలు వాల్చాయి. అక్క ఒక మొక్క కింద వేలు పెట్టి ఎత్తింది, అది మళ్లీ వాలింది. కొంతసేపు దాన్నే చూసింది.

"చెయ్ ఫోన్," అంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ పేపరు రాతలు రాయకు."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను.  రైతు "యేడున్నరు?" అని మాత్రం అడిగి పెట్టేశాడు.

పావుగంటలో ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. రైతు ముందు ఉన్నాడు, వెనక తొట్టిలో నాట్లకు వచ్చిన ఆడవాళ్లు పదిహేను మంది దాకా ఉన్నారు. ట్రాక్టర్ ఆగకముందే వాళ్లంతా ఒక్కసారి అరిచారు, తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. తమ కోయ భాషలో ఏదో అనుకుంటున్నారు, మళ్లీ నవ్వుతున్నారు. అక్క ముఖం ఎర్రబడింది.

"ఏమంటుండ్రు?" అని రైతును అడిగింది.

ఆయన కూడా నవ్వు ఆపుకుంటున్నాడు. "ముసలోడు మళ్ల వచ్చిండు అంటుండ్రు. ఈ బండే అక్కా. నాలుగు ఎండాకాలాలు మా కల్లం కాడికి ఆకు కోసం వచ్చింది గిదే."

వాళ్లలో పెద్దావిడ దిగి, డ్రైవర్ వైపు తలుపు అడుగున కాలితో ఒక్క తన్ను తన్నింది. నెల రోజులుగా లోపలి నుంచే తెరుచుకుంటున్న తలుపు టక్కున తెరుచుకుంది.

"దీన్ని మేం తోసినంత ఎవ్వరు తొయ్యలే," అంది ఆవిడ తెలుగులో. "వాగుల మూడు దినాలు పండుకున్నది ఒకపాలి. చాసిసు విరిగితే మా ఊరి సంతకాడనే అతికించిండ్రు. పొగ వస్తదని డ్రైవరు నీళ్ల బిందె పక్కన పెట్టుకునే తోలేటోడు. మీకు బిందె ఇయ్యలేదా?"

అక్క మెల్లగా నా వైపు తిరిగింది. "వీళ్లను అడిగినవా?"

"సత్తుపల్లిలో వీళ్లెక్కడ దొరుకుతారక్కా?"

"మరి ముప్పై ఏండ్లు ఏం రాసినవ్?"

 ఆకు గురించి ఆకు కోసేవాళ్లను అడగాలన్న సంగతి ఏ కుర్ర విలేకరికైనా చెప్పేవాణ్ని, అదీ గొంతు పెంచి.

అప్పటికే ఆడవాళ్లు వరసగా నిలబడి ట్రేలు చేతి నుంచి చేతికి తొట్టిలోకి అందించేస్తున్నారు. రైతు మాత్రం నవ్వు ఆపి, ఒక ట్రే నేల మీద పెట్టి గొంతుక్కూర్చున్నాడు. వాడిన వరసలోంచి ఒక మొక్కను వేళ్లతో మెల్లగా పైకి లాగాడు. మట్టి ముద్ద విరగకుండా వచ్చింది. చుట్టూ తెల్లటి వేళ్లు దారం చుట్టినట్టు అల్లుకుని ఉన్నాయి. దాన్ని తిప్పి తిప్పి చూశాడు. అక్క ఆయన భుజం మీదుగా వంగి చూసింది. నేనూ అంతే.

"ఆకు వాడింది గని వేరు మంచిగుంది," అన్నాడు. "సాయంత్రం నీళ్లు తగిలితే లేస్తది. లేవాలె."

పదకొండు దాటకముందే నారు చేన్లో ఉంది. అక్క ఒడ్డున కూర్చోలేదు. ఆడవాళ్లతో పాటు సాలులోకి దిగి, మొక్క మొక్కకూ అడ్డం పడుతూ, లోతు ఎక్కువైందని ఒకరిని, తక్కువైందని ఇంకొకరిని సతాయిస్తూ సాయంత్రం దాకా నాటింది. పెద్దావిడ ఆమెను ఊరుకోబెట్టడానికి ఒక బీడీ ఇచ్చింది. అక్క తీసుకుని చెవి వెనక పెట్టుకుంది.

పని అయ్యాక రైతు చేతులు కడుక్కుంటూ అన్నాడు.

"అక్కా, నారు నిలబడితే వచ్చేడు కూడా నీకాడనే. మిగిలినోళ్లకు కూడా చెప్త. కాకపోతే నువ్వు తెచ్చుడు వద్దు. మేమే ట్రాక్టర్ కట్టుకుని వస్తం."

"చేను కాడికి తెచ్చిస్త అన్న, తెచ్చిన కదా?" అక్కకు రోషం వచ్చింది.

"తెచ్చింది నువ్వా, వీళ్లా?"

తొట్టిలో ఎక్కుతున్న ఆడవాళ్లు మళ్లీ నవ్వారు. అక్క చేను వైపు చూసింది. వాలిన మొక్కలు ఇంకా వాలే ఉన్నాయి.

మర్నాడు ఆ చిన్న పైపు భద్రాచలంలో దొరికింది. బండిని ఇంటికి తెచ్చి దిబ్బ ఎక్కించాం. ఆ తర్వాత పది రోజులు అక్క దాని ముఖం చూడలేదు. ఫోన్ ముఖమే చూసింది. ఖాళీ ట్రేలు కడిగి ఆరబెడుతూ చూసింది, అన్నం తింటూ చూసింది. తానుగా ఫోన్ చేయమంటే చేయదు. నాటిన మొక్క బతికిందా లేదా అన్నది పది రోజులకు గానీ తేలదు, తేలకముందు అడిగితే అపశకునమట. బావ మాత్రం వరి విత్తనాల ధరలు వాకబు చేస్తూ తిరిగాడు.

పదకొండో రోజు పొద్దున రైతు చేశాడు. అక్క చేతులు తడిగా ఉన్నాయని నేను ఫోన్ ఎత్తి స్పీకర్‌లో పెట్టాను.

"నిలబడ్డదక్కా," అన్నాడు. "కొత్త ఆకు ఏస్తుంది. ఓ మూలకు రెండు సాళ్లు పోయినయ్, అయి మేకల పని, నీది కాదు."

అక్క కడుగుతున్న ట్రేను మెల్లగా నేల మీద పెట్టి, దాని పక్కనే తడి నేల మీద తనూ కూర్చుంది.

"మిగిలినోళ్లు?" అని నేనే అడిగాను.

"ఎనిమిది మందీ వచ్చి చూసి పోయిండ్రు. ఆరుగురు సరే అన్నరు. ఇద్దరు మాత్రం కాయ చూసినంక చెప్తమంటుండ్రు."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుని ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది.

"ఆ ఇద్దరితోటి నేనే మాట్లాడ్త. ఆదివారం వస్త."

 అవతల రైతు చాలా జాగ్రత్తగా అడిగాడు.

"దేంట్ల వస్తవక్కా?"

"బస్సుల," అంది అక్క.